నీళ్ల వంతు చూసి రాసిన పదకొండు పేర్లు

మొన్న శనివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాలుద్దామనుకుంటుండగా సూర్యాపేట నుంచి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. మర్నాడు వాళ్లకు సెమీఫైనల్, వాడే కెప్టెన్. నేల మెత్తగా ఉందట, ఒక ఫాస్ట్ బౌలర్‌ని పక్కనపెట్టి ఇంకో స్పిన్నర్‌ని తీసుకోనా మామా అని అడిగాడు. నా ఎత్తుగడలకు మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా జట్లన్నీ వణికిపోయేవని వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి చెబుతూ వచ్చినవాణ్ణి నేనే కాబట్టి, అడగడంలో వాడి తప్పేమీ లేదు. మామూలుగా అయితే అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ రోజు మాత్రం నీ ఇష్టం రా అని ఫోన్ పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ముప్పై ఏళ్ల కిందట యాసంగి వరి కోతలకు వచ్చే ముందు మిర్యాలగూడ శివారులో, పిల్లకాలువ పక్కనున్న బీడులో టెన్నిస్ బంతి పోటీలు జరిగేవి. గెలిచిన జట్టు ఆడుతూ పోవాలి, ఓడిన జట్టు ఆ సాయంత్రమే ఇంటికి పోవాలి. వేములపల్లి జట్టుకు నేను కెప్టెన్‌ని. బ్యాటింగ్ చూసి కాదు, నోరు చూసి పెట్టారు. పోటీలు నడిపే కమిటీకి ఒక పట్టింపు ఉండేది. పొద్దున్నే లారీ ఎక్కించి ఎక్కడెక్కడి ఆటగాళ్లనో దింపుతున్నారని, మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రమే పదకొండు పేర్లు రాసి ఇవ్వాలన్నారు. ఇచ్చాక మార్చడానికి లేదు. ఆటగాడు ఆ ఊరివాడే అయి ఉండాలి.

ఈ ఊరివాడు అన్న మాట మీదే మొదట గొడవైంది. మా జట్టులో వేగంగా బంతి వేసేది మా బావ, అంటే మా అక్క భర్త. ఆయనది కోదాడ. బయటివాడని కమిటీ కొట్టేయబోతే మా చిన్నాయన అడ్డంపడ్డాడు.

"పిల్లనిచ్చినం, కాళ్లు కడిగినం. ఇగ ఆయన మావోడు గాకపోతే ఎవలోడు?"

అల్లుడు ఊరివాడే అని తీర్మానమైంది.

అసలు బావ అత్తగారి ఊరికి ఎందుకు ఆడాల్సి వచ్చిందంటే, సొంత ఊరివాళ్లు రెండేళ్లుగా ఆయన్ను తీసుకోవడం లేదు. కోదాడ కెప్టెన్ స్వయానా బావకు పెద్దమ్మ కొడుకు. మా తమ్ముడి బంతి వికెట్లకు తప్ప ఊళ్లో అన్నిటికీ తగులుతుందని నలుగురిలో నవ్వేవాడట. బావ బంతి ఒకటి కీపర్‌ని దాటి, కట్ట దాటి, రోడ్డు మీద పోతున్న వడ్ల లారీలో పడి, రైస్‌మిల్లులో బియ్యంతో పాటు బయటికొచ్చిందని నేనూ చెబుతుంటాను. లారీ వరకు నిజం, మిల్లు నేను కలిపాను. కానీ ఆ ఏడాది ఆయన బంతి దారికి వచ్చింది. క్వార్టర్‌ఫైనల్లో సూర్యాపేటవాళ్లను నలుగుర్ని పడగొట్టాడు. సెమీఫైనల్ కోదాడతో పడింది. ఆ మాట విన్నప్పుడు బావ మొహం నేను చూశాను.

"మూడు ఓవర్లు చాలు బామ్మర్దీ. ఆ తర్వాత నన్ను ఏ మూల నిలబెట్టినా సరే" అన్నాడు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం వేములపల్లి అడ్డరోడ్డు మీద చాయ్ హోటల్లో కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా చిన్నాయన. ఆయన కాలువ మీద లష్కర్, అంటే తూములు ఎత్తడం, దించడం ఆయన పని. నలభై దాటినా అప్పుడప్పుడు మా జట్టుకు నెమ్మది బంతులు వేసేవాడు. మా దిక్కు సాగర్ నీళ్లు వంతుల ప్రకారం వస్తాయి కదా, ఏ రోజు ఏ గంటకు ఏ పొలానికి తడి అందుతుందో మా ఊళ్లో కొత్త కోడలు కూడా చెబుతుంది. అందుకే మేము పిచ్‌ని కూడా పొలాన్ని చూసినట్టే చూసేవాళ్లం.

"రేపు పొద్దుగాల పైన తూము లేపుతున్నం" అన్నాడు చిన్నాయన. "మూడు కొట్టంగ నీళ్లు గాడికొస్తయ్. కట్ట దిక్కు ఊట దిగుతది, నేల నానుతది. నా బంతి లేస్తదా ఇగ? పడ్డకాడనే పంటది."

"మల్ల బావ సంగతేంది?"

"బురదల ఉరికొచ్చి ఏం జేస్తడు, జారి పడ్తడు. అల్లుని కాలిరిగితే మీ అక్కకు నువ్వు జవాబు చెప్తవా?"

నాకు అది బ్రహ్మాండమైన ఎత్తుగడగా కనిపించింది. మొదట మేము ఆడతాం, గట్టి నేల మీద పరుగులు చేస్తాం. మూడింటికి వాళ్లు బ్యాటింగ్‌కు దిగుతారు, అదే గంటకు నీళ్లొస్తాయి, చిన్నాయన పని కానిస్తాడు. కాలువనే పన్నెండో ఆటగాడిగా దింపిన కెప్టెన్‌ని నేనే అని నాలో నేను మురిసిపోయి, బావ పేరు కొట్టేసి చిన్నాయన పేరు రాశాను. కాగితం కమిటీకి పంపాను. బావకు చెప్పాలి. ఆయన కోదాడలో ఉన్నాడు, వాళ్ల పక్కింటి ఎరువుల దుకాణంలో ఫోన్ ఉంది, నెంబరు నా దగ్గర ఉంది. పడుకుని ఉంటాడులే అనుకున్నాను. అప్పుడు టైం ఏడున్నర.

మర్నాడు బావ స్కూటర్ మీద వచ్చాడు, వెనక టిఫిన్ డబ్బాతో అక్క. అక్క ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వేసుకున్నాడు. వెనకాలే జీపులో వాళ్ల చుట్టాలు ఏడెనిమిది మంది దిగారు, బావ బౌలింగ్ చూడ్డానికి. స్కోరు రాసే బల్ల మీద కాగితం ఉంది. ఆయన వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"ఏంటి బామ్మర్దీ, రాయడం మర్చిపోయావా?"

నీళ్ల సంగతి చెప్పాను. ఆయన కాలువ వైపు చూశాడు. అప్పటికి అందులో చుక్క లేదు. సరేలే అని, తలకు తువ్వాలు చుట్టుకుని మంచినీళ్ల బిందె దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్క నా వైపు చూడలేదు.

తర్వాత టాస్ వేశారు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. తూము ఎప్పుడు లేస్తుందో, నీళ్లు ఎంతసేపట్లో వస్తాయో, ఏ కొన నానుతుందో అన్నీ లెక్క వేసిన మేమిద్దరం, టాస్ ఒకటి ఉంటుందన్న సంగతి మాత్రం తలచుకోలేదు. టాస్ ఓడిపోయాను. కోదాడ కెప్టెన్‌కు నీళ్ల గురించి ఏమీ తెలియదు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫీల్డింగ్ ఎవడు చేస్తాడని బ్యాటింగ్ తీసుకున్నాడు.

నేను చిన్నాయన చెవిలో అడిగాను. "నీళ్లు జర ఆపరాదు?"

"ఆపుతందుకు గది నల్లానా? పైన ఇడిసిండ్రు, ఎల్లొస్తున్నయ్."

నేల కల్లంలా గట్టిగా ఉంది. చిన్నాయన బంతి పడుకోవడం అటుంచి, రండి కొట్టండి అన్నట్టు నడుం ఎత్తున లేచి నిలబడేది. వాళ్లు కొట్టారు. ఎనిమిదో ఓవర్లో మా ఫీల్డర్ ఒకడికి కాలు మడత పడితే, బదులు బావ మైదానంలోకి వచ్చాడు. అలా వచ్చినవాడు ఫీల్డింగ్ చేయవచ్చు, బౌలింగ్ చేయకూడదు. అప్పుడు కోదాడ కెప్టెన్ బ్యాటు మీద వాలి నిలబడి నవ్వుతూ అన్నాడు.

"మా తమ్ముణ్ణి ఊరికే నిలబెట్టారేంటయ్యా? బౌలింగ్ ఇవ్వండి, మాకేం అభ్యంతరం లేదు. ఎటూ వికెట్లకు తగలదుగా!"

ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే నాకేం పట్టింపు లేదని అంపైర్ అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. బంతి బావ చేతిలోనే ఉంది. తువ్వాలు విప్పి కట్ట మీదికి విసిరేశాడు, పరుగు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అడుగులు కొలవడానికి వెనక్కి తిరిగాడు కూడా. నేను అవునంటే చాలు. కానీ అవునంటే, ముందురోజు చాయ్ హోటల్లో నేను చేసిందంతా తప్పని ఇంతమంది ముందు ఒప్పుకున్నట్టే. పైగా అడిగింది ఎగతాళిగా.

"వద్దు, రూల్ రూలే" అన్నాను. నా నోట రూల్ అనే మాట మా జట్టు వినడం అదే మొదలు, అదే ఆఖరు.

బావ బంతిని చిన్నాయనకు విసిరి బౌండరీ దగ్గరికి వెళ్లాడు. తర్వాతి రెండు ఓవర్లలో ముప్పై పరుగులు పోయాయి. మూడు కొట్టింది, నీళ్లు చెప్పిన గంటకే వచ్చాయి, నేల నానింది, మా బ్యాటింగ్ మొదలైంది. తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయాం. చిన్నాయన కూడా పడ్డచోటే పడుకున్న బంతికి బౌల్డ్ అయ్యాడు. తన మాట నిజమైనందుకు ఆయన కొంచెం సంతోషపడ్డాడని నాకు అనుమానం.

అక్క చుట్టాలతో జీపులో వెళ్లిపోయింది. బావ నన్ను స్కూటర్ మీద దింపడానికి వచ్చాడు. అడ్డరోడ్డు దగ్గర స్కూటర్ ఆపి, కాలు కింద పెట్టి అడిగాడు.

"నిజం చెప్పు బామ్మర్దీ. నేను వేసుంటే గెలిచేవాళ్లమా?"

"ఏడ గెలుస్తం బావా. నీళ్లొచ్చినంక ఎవలేసినా గంతే."

ఆయన తల ఊపాడు. "అంతేలే" అన్నాడు. మొహం తేటపడింది. స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది పిలిస్తే సెలవు దొరకలేదన్నాడు, ఆ పై ఏడాదీ అదే మాట. మళ్లీ బంతి పట్టలేదు.

ఈ ముప్పై ఏళ్లలో పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ మ్యాచ్ కథ ఎక్కువగా చెప్పేది బావే. ఆ రోజు నీళ్లొచ్చి మా కొంప ముంచాయి, లేకపోతే మా బామ్మర్ది ఎత్తుగడకు తిరుగులేదు అని నా భుజం తడతాడు. ఆయన బంతి పట్టుకుని అడుగులు కొలిచే వేళకు నీళ్లు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా నా కోసం మింగాడో తెలియదు. నేను చెప్పిన అబద్ధాలను నమ్మనందుకు చాలామంది మీద అలిగాను కానీ, నమ్మినందుకు ముద్ద దిగకపోవడం ఆ ఒక్కరి విషయంలోనే.

ఇప్పుడు గల్లీ మ్యాచ్‌ని కూడా ఎవడో ఒకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ఏ బంతి ఏ గంటకు పడిందో, ఎవరు ఏమన్నారో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఓడిన కుర్రాడు ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. ఆ రోజు అడ్డరోడ్డు మీద బావకు అడగడానికి నేనొక్కణ్ణే ఉన్నాను.