ఆకు మిగలాలి

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో, నన్ను కెలమంగలం దగ్గర మా అవ్వ ఇంట్లో వదిలారు. అమ్మా నాన్నా హోసూరు పక్కన మత్తిగిరిలో ఉండేవాళ్ళు. ఇద్దరూ కంపెనీల్లో షిఫ్టులకు వెళ్ళేవాళ్ళు కాబట్టి సెలవుల్లో నన్ను చూసుకునే మనిషి ఉండేది కాదు. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్లను. ఒక గీతల నోటుబుక్కూ, బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకమూ ఉంటే నాకు రోజు గడిచిపోయేది.

ఆ నోటుబుక్కు మొదటి పేజీలో ఒకే ఒక వాక్యం ఉండేది. మేము వెళ్ళే ప్రార్థన మందిరంలో ఆదివారం బడి చెప్పే అక్క మా అందరి చేతా రాయించిన వాక్యం: 'నేను దేవుని బిడ్డను.' అది మనం సంపాదించుకున్న పేరు కాదనీ, దేవుడు తన కృపతో ఊరికే ఇచ్చిన పేరనీ అక్క చెప్పింది. నేను తలూపాను. కానీ బుద్ధిగా ఉన్నన్నాళ్ళే ఆ పేరు నాదని లోపల అనుకునేదాన్ని. తప్పు చేసినవాళ్ళకు కూడా అది ఉంటుందంటే నమ్మకం కుదిరేది కాదు.

అవ్వ పట్టుపురుగులు సాకేది. ఇంటి వెనక రేకుల కప్పుతో పొడుగాటి గది ఉండేది. దాన్ని పురుగుల ఇల్లు అనేవాళ్ళు. గుమ్మం దగ్గర మందు కలిపిన నీళ్ళ తొట్టి. కాళ్ళూ చేతులూ అందులో కడుక్కోకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. కడుక్కున్నా సరే, ఇంటివాళ్ళు తప్ప మరొకరు లోపలికి రాకూడదు. బయటి మనుషుల వెంట రోగం వస్తే పురుగులన్నీ పోతాయని భయం. అందుకే మల్బరీ ఆకు కోతకు కూలికి వచ్చే అక్క కూడా మోపు తెచ్చి గుమ్మం దగ్గర దించి వెనక్కి తిరిగేది. అవ్వా నేనూ లోపలికి తీసుకుపోయి పురుగులుండే అరల మీద పరిచేవాళ్ళం. మేత వేసే ముందు అవ్వ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేది.

మా మల్బరీ తోటను ఆనుకుని వేరేవాళ్ళ టమాటా చేను ఉండేది. వాళ్ళు మందు కొడితే గాలికి మా అంచు రెండు సాళ్ళ మీద కూడా పడేది. ఆ ఆకు తింటే పురుగు బతకదు. అందుకని అవ్వ ఆ రెండు సాళ్ళ మొదట్లో పాత ఎర్ర చీర పేలిక కట్టి ఉంచేది. గుడ్డ ఉన్న చోట కొయ్యకూడదని అందరికీ తెలుసు.

పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మానేసి, కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తుంది. మావాళ్ళు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వాటి ఆకలికి అంతుండదు. అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అవ్వ నన్ను పిలిచింది.

"పాపా, ఇంగొక మోపు కోసుకొని రా. గుడ్డ కట్టిన తావ కొయ్యొద్దు."

నా కథల పుస్తకంలో నాలుగు పేజీలే మిగిలి ఉన్నాయి. గుడ్డ కట్టిన సాళ్ళు దారి పక్కనే ఉన్నాయి. మంచి ఆకు కావాలంటే తోట అవతలి చివరకు నడవాలి. పేలిక నాకు కనిపించింది. ఆకు చూస్తే నవనవలాడుతూనే ఉంది. గబగబా అక్కడే కోసి మోపు కట్టి, వెళ్ళి పుస్తకం ముగించాను.

మరునాడు పొద్దున కింది అరలో పురుగులు తలలు ఊపుతూ పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. అవ్వ వంగి చూసి ఒక్క మాటే అంది. "మందు తగిలింది." ఆ అరలో సగం పురుగులు పోయాయి. తోట గట్టున గుంట తీసి, సున్నం చల్లి, చచ్చినవాటిని పూడ్చింది. తర్వాత కూలికి వచ్చే అక్కను అడిగింది.

"ఏమే, నిన్న గుడ్డ కట్టిన తావ కోసినావా?"

"లేదమ్మా. ఇన్నేండ్లుగా వస్తా ఉండాను, నాకు తెలీదా?"

"మరి ఎవురు కోసినట్టు? దెయ్యమా?"

"దెయ్యానికి ఆకు కోసే ఓపిక యాడిదమ్మా," అంది ఆ అక్క. మాట తమాషాగానే ఉంది, మొహం మాత్రం అలా లేదు.

"ఈ పొద్దు నుంచి నువ్వు కోసేటప్పుడు నేనూ వస్తాను," అంది అవ్వ. అక్క కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇంట్లోకి వెళ్ళి నోటుబుక్కు తెరిచి మొదటి పేజీలోని వాక్యాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. చివరి పేజీ చించి ఇలా రాశాను: 'గుడ్డ కట్టిన సాలులో నేనే కోశాను. అక్క కోయలేదు. ఇంక నేను పురుగుల ఇంట్లోకి రాను.' ఆ కాగితాన్ని తొట్టి పక్కనున్న సబ్బు పెట్టె కింద పెట్టి తోటలోకి పోయాను.

అవ్వ పెద్దయ్యాక, ప్రార్థన మందిరంలో బైబిలు వాక్యం చదువుకోవడం కోసం అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివేది. ఆ నాలుగు మాటలు చదవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కొంతసేపటికి తోటలోకి వచ్చి, నా వైపు రాకుండా, నేరుగా ఆ అక్క దగ్గరికి వెళ్ళింది.

"నీ మింద అనుమానపడినాను. తప్పు నాదే. కోసింది మా పాప."

అక్క నా వైపు తిరిగింది. "అంతంత పుస్తకాలు చదువుతావే, అంత పేలిక కనపడలేదా?"

"కనపడింది," అన్నాను.

"పోనీలే, అబద్ధమైతే చెప్పలేదు," అని ఆమె మళ్ళీ కోతలో పడింది. నేనూ ఆమె పక్కనే రోజంతా కోశాను. మధ్యాహ్నం అన్నం కూడా ఆమె దగ్గరే గట్టు మీద తిన్నాను.

సాయంత్రం మేత వేళకు నా మోపు తెచ్చి, ఆ అక్క చేసినట్టే గుమ్మం దగ్గర దించి వెనక్కి తిరిగాను. లోపలి నుంచి అవ్వ అడిగింది.

"యాడికి పోతావు?"

"నేను లోపలికి రాను అవ్వా. కూలికొచ్చే వాళ్ళ మాదిరి బయటే పని చేస్తాను."

"కూలికొచ్చినోళ్ళు పొద్దు గూకితే వాళ్ళ ఇంటికి పోతారు. నువ్వు యాడికి పోతావు?"

అవ్వ గుమ్మం దాకా వచ్చింది. "పురుగులు సచ్చింది నాకు కష్టంగానే ఉంది. లేదని చెప్పను. అయితే ఈ గడప లోపలికి పని బాగా చేసినోళ్ళు రారు, ఇంటోళ్ళు వస్తారు. కాళ్ళు కడుక్కో."

కడుక్కున్నాను. అవ్వ నన్ను కింది అర దగ్గరికే తీసుకుపోయింది. చావగా మిగిలిన పురుగులు అందులో పలచగా ఉన్నాయి. నేను ఒక్కో ఆకూ తీసి, వాటికి సరిపోతుందనిపించినంత పెట్టాను. ఇంకొకటి పెట్టాలంటే చెయ్యి రాలేదు.

"ఎందుకట్ల పిసినారి మాదిరి ఏస్తా ఉండావు? నిండా ఎయ్యి."

"మిగిలిపోతుందేమో అవ్వా."

"మిగలాల. పొద్దున్నే చూస్తే పైన ఆకు మిగిలుంటేనే వాటి కడుపు నిండినట్టు. ఈనెలు మాత్రమే ఉన్నాయంటే ఆకలితో పండుకున్నట్టు. ఇది చేసిన పనికి కొలిచిచ్చే కూలి కాదు పాపా, మేత."

రెండు చేతులతో ఎత్తి వేశాను. పురుగులు కనబడనంతగా ఆకు కప్పేసింది. కాసేపటికి చిన్న వాన పడుతున్నట్టు వాటి నమిలే చప్పుడు మొదలైంది.

పొద్దున లేచి చూస్తే ఆ అరలో ఆకు మిగిలి ఉంది. తిన్నంత తిని, మిగిలిన దాని మీద అవి మెల్లగా పాకుతున్నాయి. అంతకుముందు రోజు వరకూ కృప అనే మాట నాకు పాటల్లో వినబడే మాట మాత్రమే. ఆ పొద్దున దాన్ని కళ్ళతో చూసినట్టయింది.

అవ్వ ఆ సంగతి మా అమ్మకు గానీ, మందిరంలో గానీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నేను హోసూరులో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. ఏదో ఒక పొరపాటు చేసి, ఈ ఆదివారం మందిరానికి ఏ మొహంతో వెళ్ళను అనిపించే వారాలు నాకు ఉన్నాయి. మందిరం వాకిట్లో చెప్పులు విడిచి ఆగిపోతాను. అప్పుడు అవ్వ అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. నేను పోవడానికి వేరే ఇల్లు లేదు. లోపలికి వెళ్ళి కూర్చుంటాను.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో కొట్టేసిన వాక్యాన్ని నేను మళ్ళీ రాయలేదు. ఆ గీత కింద అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. దాని కింద, ఆ పొద్దున పెన్సిలుతో రాసుకున్న మాట ఉంది: 'ఆకు మిగిలింది.'