ఎదురుగ కూసొని నేర్సిన ముడి

నేను ఎనిమిదేండ్లు బడికి పోయిన, ఏడో తరగతి దాకా చదివిన. లెక్క కలుస్తలేదంటే, ఏడో తరగతికి నా మీద జర ప్రేమ ఎక్కువైందనుకోండ్రి. చేపలు పట్టుడుల కూడా అదే తీరు. ఇన్నేండ్లల్ల నా గాలానికి గట్టిగ తగులుకున్నది ఒక్కటే, నా సొంత చెవి. అసొంటి నేను ఉప్పల్‌ల పెట్టిన ఫిషింగ్ ఎక్స్‌పోకు పోయి, మొదటి వరుసల కూసొని సెమినార్లు విన్ననంటే, నాచారంల మేం సీసా మూతలు పోసే కంపెనీల ఒక్కడు కూడా నమ్మలే.

పోయింది నా కోసం కాదు. మా అక్క పెనిమిటి, మా బావ కోసం.

బావ ఆదివారం తెల్లారంగనే నాచారం చెరువు గట్టు మీద ఉండేటోడు. నన్ను వెంట తీస్కపోయేటోడు గని, నా నోటికి చేపలు బెదురుతయని పది గజాల అవుతల కూసోబెట్టేటోడు. పోయిన చలికాలం ప్రెస్ మిషన్ మీద ఆయన కుడిచేతి నడిమి మూడు వేళ్లు పోయినయ్. బొటనవేలు, చిటికెనవేలు మిగిలినయ్. దవాఖానా నుంచి వచ్చినంక గేటు కాడ కూసునే పని ఇచ్చిన్రు. ఎడమచేత్తోని తినుడు నేర్సుకున్నడు, గుండీలు పెట్టుకునుడు నేర్సుకున్నడు. గాలం మాత్రం మళ్ల ముట్టలే.

ఎందుకంటే మా గట్టు మీద కూసునే నలుగురైదుగురికి ఒక పద్ధతి ఉన్నది. ఎవల గాలానికి ఆళ్లే ముడి ఏస్కోవాలె. ఇంకొకల ముడికి చేప పడితే అది ముడి ఏసినోని చేప, కట్టె పట్టుకున్నోనిది కాదు. ఆ చెరువు చేపను మేం తినం, ఫ్యాక్టరీల మురికి కలిసే ఆ నీళ్ల సంగతి మాకు ఎరికే. పట్టి, చూసి, మురిసి, వదిలిపెడతం. వదిలిపెట్టే చేప మీద హక్కేందిరా అని అక్క అడిగింది. పద్ధతి పద్ధతే అన్న. ముడి నేనేసిస్త పా బావా అంటే, నీ చేపను నేనెందుకు మొయ్యాలె అన్నడు.

ఆదివారం పొద్దుగాల లేస్తడట, తానం జేస్తడట, గోడకు ఆనిచ్చిన గాలం కట్టె దిక్కు చూస్కుంట కూసుంటడట. అక్క నాకు చెప్పుకుంట కొంగుతోని ముక్కు తుడుసుకున్నది. "గిట్లనే ఇంకొన్ని వారాలు పోతే ఆ మనిషి మళ్ల ఇల్లు కదలడు. ఏదన్న జెయ్యిరా," అన్నది. నేను ఏం జేస్త? జోకులు తప్ప నాకేం రాదు. గప్పుడే మెట్రో పిల్లరుకు ఎక్స్‌పో పోస్టరు కనబడ్డది. దాంట్ల కింది లైన్ల 'తేలికైన ముడులు' అని ఉన్నది. శనివారం లీవు పెట్టిన.

మొదటి సెమినార్ నీళ్ల గురించి. హాల్ల లైట్లన్ని తీసేసి, తెర మీద నీళ్ల కింద తీసిన వీడియో ఏసిన్రు. పచ్చ గడ్డి ఊగుతున్నది. ఎక్కడికెల్లో ఒక పెద్ద బొచ్చె చేప వచ్చి, తెర ఈ కొస నుంచి ఆ కొసకు, ఏ తొందర లేకుంట పోయింది. అందరి మొఖాల మీద నీలం వెలుగు పాకుతున్నది. బయట మెట్రో పోయినప్పుడు నెత్తి మీద పడవ పోయినట్టు సన్నగ అదిరింది. నాకైతే చెరువు అడుగున కుర్సీ ఏస్కొని కూసున్నట్టే అయింది. చెప్పేటాయన నీళ్ల వేడి గురించి, చేప ఆకలి గురించి ఏమేమో చెప్తున్నడు. ఆయన మాట బుడగలు బుడగలుగ వచ్చి నా చెవుల కాడ పగులుతున్నది. మీద వెలుతురుల గట్టు ఊగుతున్నది, గట్టు మీద బావ ఊగుతున్నడు. ఆయన రెండు చేతులు నిండుగ ఉన్నయ్. వేళ్లు లెక్కబెడుదామని చూసిన, నీళ్లు కదిలి కలిసిపోయినయ్. ఇంతల చప్పట్లు. నేను కూడా కొట్టిన. నా గురక మస్తు నిమ్మళంగ ఉన్నదని పక్కాయన చెప్పిండు.

ముడుల సెమినార్‌కు మాత్రం నిద్రపోలే. కోస్తా దిక్కు నుంచి వచ్చిన సన్నటి మనిషి నేర్పిండు. అందరికి తలా ఒక మొద్దు గాలం, రంగు దారం ఇచ్చిన్రు. ఆయన కుర్సీ మీద, నేను సరిగ్గ ఆయనకు ఎదురుగ. రాసుకొని నేర్సుకునుడు నాతోని కాదు, చూసి నేర్సుడే. ఆయన చేతులు ఎటు పోతే నా చేతులు అటు పోయినయ్. గాలం బెజ్జంల నుంచి దారం తీసి, దాని మీదనే అయిదు చుట్లు చుట్టి, కొసను మళ్ల బెజ్జం కాడి సందులకు దూర్చాలె. "బిగించే ముందు నోటితో తడపాలండి. పొడిగా లాగితే ఆ వేడికి దారం పాడైపోద్ది," అన్నడాయన. నా ముడి గట్టిగ కూసున్నది. గర్వంగ చూపించిన.

ఆయన చూసి, మీది ఎడమచేతి వాటమా అని అడిగిండు. కాదన్న. మరి అంతా ఎడమచేత్తోనే చుట్టారేంటండీ అన్నడు. అద్దంల చూసినట్టు ఆయనను చూసి, మొత్తం తిరగేసి నేర్సుకున్న. కుడిచేత్తోని చుడదామని చూస్తే, మూడుసార్లు చుట్టంగనే ఊడి ఒళ్లె పడ్డది. హాలంత నవ్వింది. ఏడో తరగతిల అలవాటైన నవ్వే, ఫికర్ పడలే. గని బావకేం చెప్పాలె, అక్కకేం చెప్పాలె అనుకుంట ఉప్పల్ నుంచి నాచారం దాకా బస్సుల చేతులు నలుపుకుంట పోయిన.

ఇంట్ల బావ గోడకు ఆనుకొని ఉన్నడు. పోనీ నవ్విద్దామని, నేను ఎంత ఉల్టా నేర్సుకొని వచ్చిన్నో చూడు బావా అని ఎదురుగ కూసొని ముడి ఏసి చూపించిన. నవ్విండు. నవ్వుకుంట నవ్వుకుంట ఆగిండు.

"మళ్ల చెయ్యి," అన్నడు.

మళ్ల చేసిన. కుడిచెయ్యి ఊకె పట్టుకునుడే, చుట్టుడంత ఎడమది. బావ లేచిండు. వచ్చి నా పక్కకు, భుజానికి భుజం ఆనిచ్చి కూసున్నడు.

"ఎదురుగ ఉంటే నేను కూడా నీ లెక్కనే తిరగేసి నేర్సుకుంట. ఇప్పుడు చెయ్యి."

గాలాన్ని బొటనవేలికి చిటికెనవేలికి నడుమ ఇరికించిండు. ఎడమచెయ్యి ఒకటి, రెండు, మూడు చుట్టింది. జారింది. మళ్ల మొదలుపెట్టిండు. అక్క చాయ జాలి చేతుల పట్టుకొని వాకిట్ల నిలబడ్డది, స్టవ్ మీద పాలు పొంగినయ్, ఎవలం కదలలే. అయిదు చుట్లు. కొస దూరింది. నేను చెప్పకముందే దారం నోట్ల పెట్టుకొని తడిపి, పండ్లతోని మెల్లగ గుంజిండు. ముడి కూసున్నది. ఊపి చూసిండు, రాలే. దారం కొరికేసి, ఇంకోటి ఏసుడు మొదలుపెట్టిండు.

తెల్లారి చెరువు మీద మంచు పొగలెక్క పరుసుకున్నది. ఫ్యాక్టరీల దిక్కుకెల్లి బిస్కెట్లు కాలే వాసన. అపార్ట్‌మెంట్లు నీళ్లల్ల తలకిందులుగ నిద్రపోతున్నయ్. బావ ముడేసుకొని, గోధుమపిండి ఉండ గుచ్చి, ఎడమచేత్తోని ఇసిరిండు. దారానికి కట్టిన బెండు నీళ్ల మీద తేలి నిలబడ్డది. నేను నా పది గజాల అవుతల కూసొని నోరు మూసుకున్న, నా బతుకుల గంత సేపు ఎన్నడు మూసుకోలే. ఎండ పొద్దు అపార్ట్‌మెంట్ల మీదికి వచ్చే యాళ్లకు బెండు ఒకసారి మునిగి, లేచి, మళ్ల మునిగింది.

అరచేతంత రవ్వ చేప. తడి పొలుసు మీద ఎండ పడి మెరిసింది. బావ రెండు చేతుల్ల పట్టుకొని శానసేపు చూసిండు. వంగి నీళ్లల్ల పెట్టిండు. అది పోయినంక కూడా చేతులు అట్లనే నీళ్లల్ల ఉంచిండు.

గట్టు దిగి చాయ హోటల్‌కు పోయినం. నేను ఆగుతనా? ఈ ముడి నేర్పిన గురువును నేనే అని హోటలాయనకు, చాయ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లకు, ఆఖరికి వడలు ఏంచే ఆయనకు కూడా చెప్పిన. అందరు బావ దిక్కు చూసిన్రు. బావ ఎడమచేత్తోని గ్లాసు లేపి, ఒక గుక్క తాగి, నిమ్మళంగ అన్నడు:

"ఔ, మా బామ్మర్దే నేర్పిండు. ఆ ముచ్చట చేపకు మాత్రం చెప్పలే. చెప్పి ఉంటే అది వచ్చేదా?"