దేవమణి మనవడికి సున్నతి

ఉప్పు డబ్బాలోని ఉప్పును కూడా నాలిక మీద వేసుకుని చూశాక గాని ఉప్పని ఒప్పుకునే మనిషి కాదు దేవమణి. కోటబొమ్మాళి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు సంచీ చంకన వేసుకుని సువార్త చెప్పిన బైబిలు స్త్రీ. ఆమె ప్రార్థన ఎత్తుకుంటే స్టేషనులో పాసింజరు బండి సైతం ఆమేన్ వినబడేదాకా కదిలేది కాదు. గార్డు జెండా ఊపి ఊపి చెయ్యి నొప్పెట్టి బెంచీ మీద కూర్చునేవాడట.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఆమె కూతురు లీలారాణి పుట్టింట మగపిల్లాణ్ణి కన్నది. పురుటి స్నానానికి రావలసిన అల్లుడు డేవిడ్‌రాజు మూడో రోజుకే దిగాడు. రాజాంలో బడిపంతులు. సెలవు లేని రోజుల్లో పంతులు ఊరికే రాడని దేవమణికి గుమ్మంలోనే అనుమానం తగిలింది.

నాలుగో రోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అల్లుడు ఆదికాండం పదిహేడో అధ్యాయం తీశాడు. ఎనిమిది దినాల మగబిడ్డకు సున్నతి చేయాలన్న చోట గొంతు పెంచాడు. మర్నాడు లూకా తీసి యేసుప్రభువుకూ చేశారు కదా అన్నాడు. ఆరో రోజు డొంకతిరుగుడు మాని, బాబుకీ ఎనిమిదో రోజున చేయించాలన్నాడు.

పసిబిడ్డ నెత్తిన నాలుగు నీటి చుక్కలు చల్లడానికే ఒప్పుకోని బాప్టిస్టుల ఇంట్లో కత్తి మాట! దేవమణి గలతీ పత్రిక విప్పి, సున్నతితో పనిలేదన్న పౌలు మాటలు మూడుసార్లు చదివింది. అల్లుడు తల వంచుకుని విన్నాడు. పట్టు మాత్రం విడవలేదు. లీలారాణి బిడ్డను గుండెకు హత్తుకుని ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చుంది.

శనివారం విశ్రాంతి దినమనే కొత్త సంఘంలో చేరిపోయాడని దేవమణి లెక్కకట్టింది. వాళ్లు పొలుసు లేని చేపా రొయ్యా ముట్టరు. అందుకే ఆ పూట ఎండురొయ్యలు, వంకాయ వండి, తలుపు చాటు నుంచి కనిపెట్టింది. అల్లుడు మారు వడ్డించుకుని తిన్నాడు. రొయ్యల కోసం నియమం తప్పేవాడు మరీ ప్రమాదకరమైన భక్తుడని ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

ఏడో రోజు పొద్దున్న అతను నూతి దగ్గరికి వెళ్లినప్పుడు సంచీ వెతికింది. కరపత్రాలేవీ లేవు. చిన్న చీటీ ఒకటి దొరికింది. శ్రీకాకుళంలో సున్నతులు చేసే మనిషి రాసినది. గురువారం పొద్దుటి పాసింజరుకి వస్తాడట. గురువారమంటే మర్నాడే.

బిడ్డకు నలుగు పెట్టడానికి వచ్చిన మంత్రసాని గురమ్మ చీటీ సంగతి విని, పంతులికి ఎవరో మందెట్టీసినారని తేల్చేసింది. దేవమణికి అలాంటి మందుల మీద నమ్మకం లేదు గాని, ఆ మాట మనసులోంచి పోలేదు.

మధ్యాహ్నం బిడ్డ కీచుమన్నాడు. లీలారాణి లేవకముందే డేవిడ్‌రాజు వెళ్లి గుడ్డ విప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని, వంగి చూస్తూ, పెదవులు కదుపుతున్నాడు. మంత్రమే అనుకుని దేవమణి తలుపు తోసింది.

"ఏటి సదువుతన్నావు బాబూ నా మనవడి మీద?"

అతను చటుక్కున గుడ్డ కప్పాడు. "ప్రార్థనే అత్తా."

"కళ్లు తెరుసుకునా?"

అతను నేలకేసి చూశాడు. "పిల్లడిని సూడాలని ఆగలేక వచ్చిన్నాడే కనిపెట్టినాను, ఉచ్చ సరిగా రావడం నేదత్తా. సివర బుడగలాగ ఉబ్బుతాది. అప్పుడే ఏడుస్తాడు. మా బళ్లో సదివే పిల్లడికి ఇలాగే ఉంటే, సున్నతి సేసినాక బాగైందని ఆళ్ల నాన్న అత్తరుసాయిబు అన్నాడు."

"ఆ ముక్క ముందే సెప్పడానికేటి?"

"అత్తగారితోటి అలాటి మాట ఎలాగంటాను?"

"సున్నతి, సున్నతని మూడు రోజులై అంటనే ఉన్నావు కద నాయనా."

"అది బైబిల్లో ఉన్నాది కదత్తా."

దేవమణి గుడ్డ తొలగించి తనే చూసింది. గలతీ పత్రిక మొత్తం ఆమెకు కంఠతా వచ్చు. అందులో దీనికి ఒక్క వచనం తట్టలేదు.

"పెద్దాసుపత్రికి ఎల్దాం. డాక్టరమ్మ కొయ్యమంటే కాళ్లు నానే పట్టుకుంటాను. ఆ సీటీ మనిసి సేత్తో మాత్రం వద్దు," అంది.

పురుటి స్నానం కాకుండా బాలింత గడప దాటకూడదని గురమ్మ అడ్డం నిలబడింది. అయినా సాయంత్రం బండికి బిడ్డతో కలిపి నలుగురూ ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం చేరారు.

డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, పోసేదాకా ఆగమంది. అత్తా అల్లుడూ చెరో పక్క నిలబడి గోడలు చూశారు. డాక్టరమ్మ విసుక్కుని, గోడ మీద ఏమీ లేదు, బిడ్డను చూడమంది. చూశారు. కొస కాస్త ఉబ్బింది, ఆ వెంటనే ధార లేచింది. పుట్టినప్పుడు ఆ తోలు అతుక్కునే ఉంటుందనీ, లాగొద్దు, కొయ్యొద్దనీ, చుక్కలుగా పడినా జ్వరం వచ్చినా వెంటనే తీసుకురమ్మనీ చెప్పింది. కత్తి చేతిలో ఉన్న మనిషి వద్దంటోందంటే ఏదో దాస్తోందని దేవమణికి అనిపించింది. మళ్లీ అడిగింది. అదే జవాబు వచ్చింది.

డేవిడ్‌రాజు ఆ రాత్రే చీటీ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, రావద్దని చెప్పొచ్చాడు. రాజాం వెళ్లేటప్పుడు, సంగతి రోజూ రాయమని అత్తగారిని అడిగాడు, అదీ లీలారాణి ద్వారా.

కార్డు రాస్తే పోస్టుమాను చదువుతాడని దేవమణి కవరే కొంది. "ధార బాగున్నాది" అని రెండు మాటలు రాసి, అంటించి, పైనుంచి కనబడుతుందేమోనని ఎండకి పెట్టి చూసింది.