అంబాసిడర్ కారుకు రెండు వేళ్ల కుట్టు

ఇచ్చోడల మా ఆడబిడ్డ ఇచ్చిన జొన్నల బస్తా లక్సెట్టిపేట చేరేసరికి ఖాళీ గోనెసంచి అయింది. కారు డిక్కీ అడుగు రేకు తుప్పు పట్టి ఊడిపోయింది. ఆ అంచు తగిలి బస్తా మూల చిరిగింది. దారి పొడుగునా జొన్నలు కారినయి. వెనక వచ్చేటోళ్లు హారన్లు కొడుతుంటే మా ఆయన "చూసినవా, పాత బండంటే జనానికి ఎంత మర్యాదనో" అని అందరికీ చెయ్యి ఊపుకుంట వచ్చిండు.

తెల్లారి ఆడబిడ్డ ఫోన్ చేసింది.

"చేరినయా జొన్నలు?"

"చేరినయ్ వదినె. మీ ఊరి నుంచి మా ఊరిదాక అందరికీ చేరినయ్."

ఒక్క డిక్కీయే కాదు, ముందు సీట్ల కింద కూడా రేకును తుప్పు తిన్నది. నా కాళ్ల సందుల రోడ్డు కనవడేది. ఒకసారి మెట్‌పల్లి తొవ్వల నా చెప్పొకటి ఆ బొక్కలకెల్లి జారిపోయింది. రెండోది వెంటనే నేనే ఇసిరేసిన, దొరికినోళ్లకు జత ఉండాలె గదా అని.

అది మా ఆయన బొగ్గుబాయిల రిటైరయినంక కొన్న బండి. కాగితాలు మళ్ల చేయించే యేడు వచ్చింది. ఆర్టీవో ఆఫీసుల బండిని కింద మీద చూస్తరు. అడుగు లేదంటే పాస్ చెయ్యరు, ఇగ తుక్కు కిందికే. ఆయనకు కారు పోతదని బాధ. నా ఫికర్ వేరు. రిటైరయినంక, కారు కొనకముందు, ఆయన ఆర్నెల్లు నా వంటింట్ల పీట ఏసుకొని కూసున్నడు. "ఉల్లిగడ్డ ఇంత పెద్దగ కోస్తరా? పోపుల ఆవాలు ముందా, జీలకర్ర ముందా?" బాయిల ముప్పై మంది మీద పెద్దరికం చేసిన మనిషికి నేనొక్కదాన్నే మిగిలిన. కారు వచ్చినంకనే నా పొయ్యి నాదయింది. కారు తుక్కయితే ఆ పీట మళ్ల లోపలికి వస్తది.

అందుకే వెల్డింగ్ షాపుకు ఆయనతోని నేను కూడా పోయిన. షాపాయన సీట్లు తీసి, గ్రైండర్ పెట్టి పాత రేకు కోస్తే అది అప్పడం లెక్క పొడి పొడి అయింది. నేను తలుపు తీసుకొని లోపలికి పోయి నిలబడ్డ. కాళ్లు భూమి మీద, నడుము దాక కారు. లంగ తొడుక్కున్నట్టే ఉన్నది.

"ఎక్కడికి పోతున్నవమ్మా?" అని రోడ్డు మీద పోయేటాయన అడిగిండు.

"నడుసుకుంట ఇచ్చోడకు" అన్న.

షాపాయన జానెడు జానెడు చేతితోని కొలుసుడు మొదలువెట్టిండు. నాకు పాణం ఒప్పలే. ముప్పై ఏండ్లు జాకెట్లు కుట్టిన దాన్ని. ఆది జాకెట్ లేకుండ నేను ఎవరికీ కత్తెర పెట్టలే.

"ఆది లేకుండ ఎట్ల కోస్తవ్ బిడ్డా?"

"ఆది పొడి అయింది గద చిన్నమ్మా. గా చీపురుతోని ఊడ్సి తీసుకో."

నేను ఇంటికి పోయి పాత పేపర్లు, కత్తెర తెచ్చిన. పేపర్లు అతికిచ్చి కారు చట్రం మీద పరిసి, నాలుగు ముక్కలు కోసిన. అక్షరాలు నేర్చింది యాభై దాటినంక. అంతకుముందు ఎవరి ఆది ఎవరిదో దారం ముడులతోని గుర్తు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు 'ముందు కుడి', 'ముందు ఎడమ', 'నడుమ', 'డిక్కీ' అని ఇంతింత అక్షరాలు రాసిన. కొత్తగ చదువు వచ్చినోళ్లతోని ఒకటే పరేషాన్, పేపర్ కనవడితే చదవబుద్ధయితది. డిక్కీ ముక్కల వంకాయ కూర వండే తీరు ఉన్నది. మసాలా నూరే దగ్గరికి వచ్చేసరికి కత్తెర పడ్డది. ఆ కూర చివరికి ఏమయిందో నాకు ఇప్పటికీ తెల్వదు.

షాపాయన నా కాగితం ఎట్లుంటే అట్లనే రేకు కోసిండు. మొదటి ముక్క దించిండు. దిగలే. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. చుట్టూ రెండు వేళ్లంత ఎక్కువ.

"చిన్నమ్మా, గీ అంచు ఎందుకు వదిలినవ్?"

ఆలోచన లేకుండ నోట్లకెల్లి వచ్చింది. "కుట్టుకు. రేపు లావైతే విప్పుకోవద్దా?"

ఆయన ముఖం మీది అద్దం పైకెత్తిండు.

"బండి లావైతదా?"

మా ఆయన తల పట్టుకున్నడు. "నా కారు పాయె. ఏమే, రేపు పొద్దున ఆఫీసుకు పోవాలె. నువ్వు దానికి చేతులు కూడా పెడితివా?"

నాకు కండ్ల ముందర పీట కనవడ్డది.

షాపాయన నవ్వి నవ్వి రేకు మీదనే కూసున్నడు. జరసేపటికి లేసి, ఆ అంచును వేలితోని తడిమిండు. "నాలుగు రేకులు మళ్ల కోసుకుంట కూసుంటే ఇయ్యాల కాదు, కాకా. మలిచి కొడత. నిలబడ్డ అంచు పక్క ఇనుముకు ఆనుతది, రెండు దిక్కుల వెల్డింగ్ పడ్తది. మంచిగనే ఉంటది." సుత్తె పట్టి ఠకఠకా కొట్టిండు. ముక్క దిగింది. డిక్కీది కూడా దిగింది. నేను ముందే ఇట్ల అనుకున్నట్టు ముఖం పెట్టి నిలబడ్డ.

తెల్లారి ఇద్దరం పోతే ఆఫీసుల సారు వంగి చూసిండు, వేళ్లతోని కొట్టి చూసిండు.

"అంచులు మలిచి అతికిచ్చిండ్రు, గట్టిగుంది. కొలతలు ఎవరియి?"

"మా ఇంటామెయి సార్" అన్నడు మా ఆయన ఛాతీ ఇరుసుకొని. "రెండు వేళ్లు కుట్టుకు వదిలింది. బండి లావైతే విప్పుకోవచ్చు."

సారు నన్ను చూసిండు, కారును చూసిండు, ఇగ ఏమీ అడగకుండ పాస్ చేసిండు.

వారం రోజులు మా ఆయన ఇంట్ల కనవడలే. కొత్త అడుగు అందరికీ చూపెట్టుకుంట ఊరూరు తిరిగిండు. నేను ఉల్లిగడ్డలు నాకు నచ్చినంత పెద్దగ కోసుకున్న. ఎనిమిదో రోజు పాత కార్లున్న ఇద్దరు పెద్దమనుషులను ఎంటవెట్టుకొని వచ్చిండు. ఇద్దరి చంకలల్ల పాత పేపర్ల కట్టలు. ముందటి అర్రల నా గుడ్డలు, మిషన్ ఉన్నయని వాళ్లను సక్కగ వంటింట్లకే తోలుకొచ్చిండు.

"ఏమే, ఈళ్ల బండ్లకు కూడా ఆది తియ్యాలె. ముందుగాల చాయ్ పెట్టు."

పేపర్లు పరుసుకుంట ఒకాయన నా కత్తిపీట దిక్కు చూసిండు.

"చెల్లె, ఉల్లిగడ్డ ఇంత పెద్దగ కోస్తరా?"

మా ఆయన లేసి పోయి, పీట తెచ్చి ఆయనకు ఏసిండు.