ఖాళీ కుర్చీకి ఫ్యాను

మొన్న వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టులో ఎవరో స్వామివారి ఫోటోకి టేబుల్ ఫ్యాను పెట్టారు. చూడగానే ఒళ్లు మండింది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లోనూ అంతే. ఆవిడ గురువుగారు పోయాక కూడా, ఆయన కూర్చున్న కుర్చీకి ఎండాకాలమంతా ఫ్యాను తిరిగేది.

ఒక మధ్యాహ్నం ఒళ్లంతా చెమటకాయలతో చెల్లి గుక్కపట్టి ఏడుస్తోంది.

"అమ్మమ్మా, ఫ్యాను చెల్లి వైపు తిప్పవే!"

"తప్పు నాన్నా, అది గురువుగారికి."

"'నేను ఈ శరీరం కాదు' అని ఆయన అనేవారని నువ్వే చెప్పావుగా? మరి ఉక్కపోత ఎవరికంట?"

"నోరు ముయ్యరా వెధవా!" అని అమ్మ కసిరింది.

అమ్మమ్మ కుర్చీకి దణ్ణం పెట్టి, ఫ్యాను చెల్లి వైపు తిప్పింది.

ఆమె భక్తిని ఓడించానని ఏళ్ల తరబడి మురిసిపోయాను. ఆమె ఓడిపోలేదు, తన గురువు మాట విన్నది అని తోచినప్పటి నుంచి నాకు కుదురు లేదు.