మా బావ రోము బుడ్డి

మా బావ చంద్రమౌళి ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు. రైతులు తెచ్చిన మిర్చి, పత్తి అమ్మిపెట్టడం ఆయన పని. సంచి మూతి విప్పగానే పైన కనిపించే కాయను ఆయన చూడనే చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. విరిచి, వాసన చూసి, గింజ రాల్చి, అప్పుడు రైతు ముఖంలోకి చూస్తాడు. మార్కెట్లో అది మంచి అలవాటే. ఖర్మ కొద్దీ ఆయన దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచందే లోపలికి పోనివ్వడు. తన పెళ్లిలో నేను కాస్త ఎక్కువ నవ్వానని, ఈ బావమరిది సంగతేమిటని చుట్టాల్లో ఆరా తీసిన మహానుభావుడు.

ఇలాంటి మనిషికి పాత రోమన్ సామాన్ల పిచ్చి పట్టింది కూడా అనుమానం వల్లే. వాళ్ల నానమ్మ కాసులపేరులో ఒక కాసు మీద లక్ష్మీదేవికి బదులు, ముక్కు పొడుగాటి మగమనిషి తల ఉండేది. పేరు తెగితే అతికించమని ఇచ్చినప్పుడు కంసాలి ఆ ఒక్క కాసు కరిగించి కొత్తది చేసిస్తానన్నాడు. వీడికెందుకింత తొందర అనుకుని బావ కాసు వెనక్కి తెచ్చేసుకున్నాడు. కాజీపేటలో ఉండే శామ్యూల్ సారు, బడిలో సోషల్ చెప్పేవాడు, దాన్ని చూసి అది రోమన్ బంగారు నాణెమన్నాడు. ఒకప్పుడు ఓడల మీద వచ్చిన ఇలాంటి వాటికి మనవాళ్లు బెజ్జాలు వేయించి మెడలో వేసుకునేవాళ్లని చెప్పాడు. ఇంకో ఇద్దరిని అడిగిగాని బావ ఆ మాట నమ్మలేదు. నమ్మాక మాత్రం వదల్లేదు.

గాజు పూసలు, చెవిపోగులు, ఉంగరాలు ఒక్కొక్కటే వచ్చి బీరువాలో దూదిలో పడుకున్నాయి. సారుకూ ఇదే పిచ్చి. ఆదివారం చర్చి నుంచి నేరుగా మా బావ ఇంటికి వచ్చేవాడు. గాజు కింద పడినా పగలకుండా కొత్తవాడ జంపఖానా మడతేసి పరిచి, దాని మీద ఇద్దరూ ఎవరి సొత్తు వాళ్లు పెట్టుకుని మురిసేవాళ్లు. సారు తెచ్చిన ప్రతిదాన్నీ బావ భూతద్దం పెట్టి చూసేవాడు. సారు మాత్రం బావ వస్తువును అరచేతిలో పెట్టుకుని ఊరికే చూసేవాడు.

"నువ్వు మంచిదంటే మంచిదే గద సేటూ, నాకెందుకు అద్దం" అనేవాడు.

బావ దగ్గర అన్నిటికన్నా గొప్పది వేలెడంత అత్తరు బుడ్డి. హైదరాబాద్‌లో పాత నవాబుల దేవిడీలో సామాను అమ్ముతుంటే కొన్నాడు. మేము రోము బుడ్డి అనేవాళ్లం. ఎన్నో వందల ఏళ్లు మట్టిలో ఉన్న గాజు కాబట్టి దాని మీద ఉల్లిపొరలాంటి పొర ఒకటి లేచి ఉండేది. వెలుతురులో తిప్పితే ఆ పొర మీద నీలం, ఊదా, పసిడి రంగులు కదిలేవి. దాని వయసుకు ఆ పొరే సాక్ష్యమని సారు చెప్పేవాడు.

నిరుడు దసరాకు సారు దాన్ని పగటి వెలుతురులో తీరిగ్గా చూస్తానని అడిగి తీసుకుపోయాడు. కొన్నాళ్లకు అదే డబ్బాలో తెచ్చిచ్చాడు. "జర సూస్కొని తీస్కో సేటూ" అన్నాడు. సరిగ్గా అప్పుడే మార్కెట్ నుంచి ఫోన్ వచ్చింది, పత్తి బస్తాలు వానకు తడుస్తున్నాయని. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా బావ మూత తీసి చూడకుండా డబ్బాను బీరువాలో పెట్టి పరుగెత్తాడు.

దీపావళి పోయి, పత్తి జోరు తగ్గాక డబ్బా తెరిచాడు. లోపల రంగులు లేవు. పొర లేదు. ఆకుపచ్చ గాజు బుడ్డి నున్నగా, నిన్ననే కొన్నట్టు ఉంది. మా అక్క కమల వంటింట్లో ఉంటే అక్కడికి పోయి అడిగాడు.

"బీరువ ఎవరన్న ముట్టిన్రా?"

"నేనుండంగ ఎవరు ముడ్తరు?" అంది అక్క, పోపు గరిటె దించకుండానే.

అంతే, బావకు లెక్క తేలిపోయింది. నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చాడు. బుడ్డి అడుగున గాడిలో రవ్వంత పసుపు రంగు ఉంది.

"సూసినవా, దొంగ సరుకుకు రంగేసిండు. అసలుది ఆడ వెట్టుకొని నకిలీది నాకిచ్చిండు. ఇంట్ల చెప్పకు, అల్లరైతది."

ఇంట్లో అల్లరి కాకూడదు గాని, మార్కెట్లో అయితే ఫరవాలేదు కాబోలు. వారం తిరక్కుండా అడ్తి దుకాణాలన్నిటికీ తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషిని, అతని దగ్గర చదువుకున్న హమాలీలే అదోలా చూడసాగారు. ఆదివారం సారు వస్తే బావ గుమ్మంలోనే నిలబెట్టి బుడ్డి చూపించాడు.

సారు దాన్ని చూసి తెల్లబోయాడు. "నేనిచ్చినప్పుడు ఇట్ల లేదు సేటూ."

"మరి నడిచొచ్చిందా?" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. అయినా బావ ముందు నోరెత్తే బావమరిది మా వంశంలో ఇంకా పుట్టలేదు.

కొన్నాళ్లకు సారు కూతురు జ్యోతి వచ్చింది. దవాఖానలో నర్సు, డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చినట్టుంది. చేతిలో చిన్న దూది పొట్లం ఉంది. అందులో సారు ప్రాణం లాంటి ఎర్రరాయి ఉంగరం. ఆ రాయిలో గోరంత గుర్రం చెక్కి ఉంటుంది.

"మీ బుడ్డి దొరికేదాంక ఇది మీ దగ్గర ఉంచుకోమన్నడు నాన్న. ఆయనకు నిద్ర పడ్తలేదు" అంది.

ఆ మాట విన్నవాడు ఎవడైనా సిగ్గుపడతాడు. మా బావ ఉంగరాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి సాయంత్రం దాకా పరీక్షించాడు. ఇది కూడా మార్చి పంపాడేమోనని. ఏ వంకా దొరక్కపోయేసరికి బీరువాలో పెట్టి తాళం వేశాడు. సారు ఇక బావ ఇంటి వైపు రాలేదు. ఎందుకు రావట్లేదని అక్క అడిగితే, ఆయనకు ఒంట్లో బాగాలేదని బావ దాటేశాడు.

ఈ ఏడు దీపావళి నాడు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. వ్యాపారస్తుల ఇళ్లలో ఆ రోజు బీరువాలోని వెండీ బంగారమూ తీసి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి లక్ష్మి ముందు ఉంచుతారు. బావ ఏటా ఆ వేళకు మార్కెట్లో గల్లా పూజ దగ్గర ఉంటాడు. ఈసారి గల్లా తాళం ఇంట్లో మరిచి వెనక్కి వచ్చాడు. అక్క తాంబాలంలో చింతపండు పులుసు, కుంకుడు నురగ పెట్టుకుని కూర్చుంది. చేతిలో రోము బుడ్డి ఉంది.

"గదెందుకు తీసినవ్?" అన్నాడు బావ.

"మీకు బంగారం కన్న ఎక్కువ గద, లక్ష్మి ముంగట వెట్టొద్దా? నిరుడైతే ఎంత జిడ్డుండెనో. చింతపండు వెట్టి బ్రష్షుతోని గీకితె గాని తెల్లగ కాలె. పసుపు బొట్టు వెట్టి పూజ చేసి, ఎట్లున్నదాన్ని అట్ల డబ్బల వెట్టిన." అక్క బుడ్డి ఎత్తి గర్వంగా చూపించింది.

బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఎన్నో వందల ఏళ్లు మట్టి కాపాడిన పొర, మా అక్క భక్తికి ఒక్క పూట ఆగలేదు. ఆమెను ఏమనగలడు? తాళంచెవులు ఆమె నడుముకే ఉంటాయన్న సంగతి, ప్రపంచాన్నంతా అనుమానించిన మనిషికి తట్టనే లేదు.

గల్లా పూజ మానేసి నా బండెక్కాడు. కాజీపేటలో సారు తలుపు తీశాడు. బాగా చిక్కిపోయాడు. బావ గుమ్మం దాటి, జరిగిందంతా చెప్పాడు.

"నాదే తప్పు సారూ. మార్కెట్ల నేనే చెప్త అందరికి."

బావ జేబులోంచి దూది పొట్లం తీసి ఉంగరం ఆయన అరచేతిలో పెట్టాడు. సారు లోపలికి తిరిగి పిలిచాడు.

"జ్యోతీ, భూతద్దం పట్రామ్మా."

కిటికీ దగ్గరకు పోయి ఉంగరాన్ని తిప్పి తిప్పి చూశాడు. రాయి చూశాడు, గుర్రం చూశాడు, వెనక్కి తిప్పి కట్టు చూశాడు. సంచి అడుగు నుంచి గుప్పెడు తీస్తుంటే పక్కన నిలబడే రైతులా మా బావ గది మధ్యలో నిలబడ్డాడు.

"నాదే" అన్నాడు సారు చివరికి. ఉంగరం జేబులో వేసుకున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు.