అన్న ఛాతీ కొలిచిన దారం

కొత్త జంపఖానా విప్పగానే వచ్చే రంగునూలు వాసనకు ఇప్పటికీ నాకు మా అన్నే గుర్తొస్తాడు.

తెల్లదొరల కాలం, యుద్ధం రోజులు. కొత్తవాడలో మా మగ్గం మీద ఫౌజు వాళ్ల జంపఖానాలే నేసేవాళ్లం. ఒకరోజు ఫౌజు భర్తీకి వెళ్లిన అన్న మధ్యాహ్నానికే తిరిగొచ్చి, ఇనుప పంజా అందుకుని పోగులు దట్టించడం మొదలుపెట్టాడు.

"ఏమైందే అన్నా?"

"ఛాతీ జర తక్కువొచ్చింది," అన్నాడు తలెత్తకుండా.

ఆ రోజు నుంచి నా వంతు పల్లీలు అన్నకే. రోజూ సాయంత్రం అతని ఛాతీ చుట్టూ దారం తిప్పి, కొలత దగ్గర ముడి వేసేదాన్ని. ముడి ఎంతకీ జరిగేది కాదు.

"ఇంకో నెల తింటే అయితది," అనేదాన్ని. అన్న ఒక్క పల్లీ వదలకుండా తినేవాడు.

అన్న చనిపోయిన తర్వాత వదిన చెప్పింది. "ఆడ టేపే తియ్యలేదంట పిల్లా. కులం అడిగిన్రట. లడాయికి పఠాన్లు, గూర్ఖాలు, సిక్కులు పుడ్తరు, నేసెటోళ్లు కాదని ఎల్లగొట్టిన్రట."

నేను దారం చుట్టిన ప్రతి సాయంత్రం అన్న మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చి, బిగబట్టి నిలబడేవాడు.